తిన్నావా అని అడగరాని వార్డు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, నన్ను మార్కాపురంలోని ఒక ఆసుపత్రికి మూడు వారాల డెప్యుటేషన్ మీద పంపారు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల కోసం కొత్తగా తెరిచిన మానసిక వార్డు అది. నర్సింగ్ ట్యూటరుగా అక్కడి సిబ్బందికి తర్ఫీదు ఇవ్వడం నా పని.

తర్లుపాడు వైపు నుంచి వచ్చిన పదహారేళ్ల సునీత అప్పటికి తిండీ మాటా రెండూ మానేసి ఉంది. శనివారానికి బరువు ఇంకా తగ్గితే, ముక్కులోంచి ఆహారం పంపే పైపు వేయించడానికి ఒంగోలు పంపక తప్పదని డాక్టరు చెప్పేశారు. పైపు పేరెత్తితే ఆ పిల్లకు వణుకు. నాకూ బెంగగానే ఉండేది.

వార్డులో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ ఆమెను "తిన్నావా?" అని అడిగేవారు. మన వైపు అది పలకరింపే. తిండి మానేసిన పిల్లకు మాత్రం రోజుకు ఇరవైసార్లు విచారణ. ఆ ప్రశ్న ఎవరూ అడగరాదని ఆర్డరు వేశాను. మర్నాడే, అందరికంటే సీనియరైన ఆయా మరియమ్మ మంచం పక్కన నిలబడి "ఏం కూర, పాపా?" అంటోంది. కళ్లురిమి చూశాను.

"తిన్నావా అన్లేదు గదమ్మా!" అంది.

లాభం లేదని రోల్‌ప్లే పెట్టాను. ఒకరు పేషెంటుగా నటిస్తారు, మిగతావాళ్లు పలకరించడం సాధన చేస్తారు. గొప్పకు పోయి పేషెంటు వేషం నేనే కట్టాను. భోజనాల వేళ, ఖాళీ మంచం మీద పడుకుని, గట్టిగా మూలిగి, పళ్లెం పక్కకు నెట్టాను.

"అట్ల మూలగరు మేడం. లెయ్యండి, నేను చూపిస్తా," అంది సునీత, తలుపు దగ్గర నుంచి. వారం తర్వాత ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట నా నటన మీద విమర్శ!

నేను లేవగానే సునీత మంచమెక్కి గోడవైపు తిరిగింది. మరియమ్మ పళ్లెం పెట్టి, నోరు బిగపట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది.

"పళ్లెం కల్లా చూడగాకు పెద్దమ్మా. అట్ల చూస్తాంటే ముద్ద దిగదు. ఆ పక్కకు తిరిగి నీ సంగతులేవన్నా చెప్పు."

మరియమ్మ అటు తిరిగి, అల్లుడు కొత్త బండి నేర్చుకుంటూ పక్కింటి గోడ పడగొట్టిన సంగతి ఎత్తుకుంది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. కథ అయ్యేసరికి పళ్లెంలో అన్నం సగమే ఉంది. మరియమ్మ నోరు తెరవబోతే, ఆమె కాలు తొక్కాను.

శనివారం బరువు తగ్గలేదు. ఒంగోలు ప్రయాణం ఆగింది. రోల్‌ప్లేలో ఎవరు పాసయ్యారని సునీతనే అడిగాను. మరియమ్మను పాసు చేసింది, నన్ను ఫెయిలు చేసింది. మార్కులు న్యాయంగానే వేసింది. ఆ తర్వాత ఎక్కడ తర్ఫీదు ఇచ్చినా, ఏం నేర్పాలో ముందు వార్డులోని పిల్లలనే అడిగాను.