హాలు జాలీకి కట్టిన బొంత

హ్రెఫ్నా ఇంట్లో ఫర్నేస్ మోటార్లు నిలవవని ఊరంతా చెప్పుకునేది. స్కూలు బస్సు నడిపే మనిషి, మంచులో కూరుకుపోయిన ఎవరి బండినైనా లాగి రోడ్డెక్కిస్తుంది. సొంత నేలమాళిగలో ఉండి ఇల్లంతటికీ వెచ్చగాలి పంపే ఫర్నేస్ మాత్రం ఆమె మాట వినేది కాదు. మెకానిక్ మార్విన్ ఇప్పటికి రెండు మోటార్లు మార్చాడు. రెండుసార్లూ తల గోక్కుంటూనే వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మంచు తుఫాను దారులన్నీ మూసేసింది. కారు ఆగిపోయి రోడ్డు పక్క చిక్కుకున్న టానీ అనే అమ్మాయినీ, ఆమె ఒళ్లో నెల నిండని పసివాణ్ణీ హ్రెఫ్నా ఇంటికి తెచ్చుకుంది. మానిటోబా చలిలో అలా వచ్చినవాళ్లను ఎవరని అడగరు, ముందు టీకి కెటిల్ పెడతారు. హాల్లో మంచం వేసి, పక్కబట్టలు సర్ది చాలాసేపు కాలేదు. కింద ఫర్నేస్ చప్పుడు ఆగిపోయింది.

"ఆంటీ, వెచ్చగాలి రావట్లేదేంటి?"

"ఏం కాదులే, వాణ్ణి గుండెకి హత్తుకుని పడుకో" అంది గానీ, హ్రెఫ్నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి పెట్టింది. ఆ సెగ వంటగది దాటదు. ఇల్లు చల్లబడితే ఆ గుప్పెడు ప్రాణం ఎంతసేపు తట్టుకుంటుంది?

మార్విన్‌కు ఫోన్ చేసి, టార్చి పట్టుకుని కిందికి దిగింది.

"రోడ్డు మూసేశారు హ్రెఫ్నా, రెక్కలుంటే ఎగిరొచ్చేవాణ్ణి. కరెంటు ఆపి, ఫర్నేస్ కింది రేకు తీసి, ఫ్యాను చక్రం చేత్తో తిప్పు. పట్టేస్తోందా?"

"లేదు, సులువుగానే తిరుగుతోంది."

"పక్కన కెపాసిటర్ డబ్బా ఉబ్బిందా? ముట్టుకోకు, చూసి చెప్పు చాలు."

"ఉబ్బలేదు."

"మోటారు మీద చెయ్యి పెట్టు."

పెట్టి చటుక్కున తీసేసుకుంది. "అబ్బా, కాలిపోతోంది!"

"వేడెక్కి తనంతట తానే ఆగింది. చల్లారాక తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. అలా ఆగి ఆగి మాడిపోయిందనుకో, ఈ తుఫానులో కొత్తది తేలేను. ఫిల్టర్ చూడు, దుమ్ము పట్టేసుంటుంది."

ఫిల్టర్ తెల్లగా ఉంది.

"చలి మొదలైనప్పుడు వేశాను, ఇంకా కొత్తదానిలాగే ఉంది" అంది గర్వంగా.

"ఇన్నాళ్లూ తెల్లగా ఉందంటే దాంట్లోంచి గాలే సరిగ్గా పోవట్లేదు తల్లీ. పైన హాల్లో గోడకి పెద్ద జాలీ ఉందే, దానికేమైనా అడ్డం పెట్టావా?"

పైన పసివాడు ఏడుస్తున్నాడు. హ్రెఫ్నా మెట్లవైపు చూసింది.

ఊళ్లో అందరూ దాన్ని చల్లగాలి జాలీ అంటారు. ఆమె బిడ్డ లైఫుర్ ఉయ్యాల ఒకప్పుడు దాని పక్కనే ఉండేది. నిమ్ము చేసి వాడు పోయాడు. అందులోంచి కొట్టిన చలే వాణ్ణి మింగిందనీ, ఉయ్యాల అక్కడ పెట్టింది తానేననీ ఆమె బాధ. అప్పటినుంచి ఏ చలికాలమూ దానికి బొంత కట్టకుండా ఉండలేదు. మార్విన్ వస్తున్నాడంటే సిగ్గుపడి విప్పి దాచేది. ఇవాళ పసివాడి కోసం రెండు బొంతలు కట్టి, అంచులకు టేపు కూడా వేసింది.

"హ్రెఫ్నా, ఉన్నావా?"

"బొంతలు కట్టాను మార్విన్. చలి కొడుతుందని."

"ఓసి పిచ్చిదానా! గాలి ఆడకే అవి మాడాయన్నమాట, ఆ మోటార్లని నేనెన్ని తిట్లు తిట్టాను! ముందు పోయి వాటిని పీకెయ్."

పైకి వచ్చింది. పసివాడి వేళ్లు చల్లబడుతున్నాయి. టేపు దాకా వెళ్లిన ఆమె చెయ్యి ఆగిపోయింది. విప్పాక ఆ గాలి వీడికీ తగిలితే?

"టానీ, వాణ్ణి తీసుకుని వంటగదిలోకి పో. త్వరగా!"

వాళ్లు వెళ్లాక పళ్ల బిగువున బొంతలు లాగిపారేసింది. కిందికి దిగి, మోటారు చల్లారేదాకా ఫర్నేస్ ముందే మోకాళ్ల మీద కూర్చుంది. రేకు బిగించి స్విచ్ వేసింది. మంట అంటుకుంది. ఎంతకీ ఫ్యాను కదల్లేదు. ఇక అయిపోయిందనుకుంటుండగా గరగరమని తిరిగింది.

"ఇప్పుడు పైకెళ్లి జాలీ దగ్గర పల్చటి కాగితం పెట్టి చూడు" అన్నాడు మార్విన్ ఫోన్లో.

కాగితం జాలీకి అతుక్కుంది. పీకి మళ్లీ పెట్టింది. మళ్లీ అతుక్కుంది.

"అతుక్కుపోతోంది!"

"అతుక్కోక? అది గదిలో గాలిని లోపలికి లాక్కునేది. బయటికి ఊదదు."

"ఎప్పుడూ ఊదదా?"

"ఎప్పుడూ ఊదదు."

హ్రెఫ్నా ఫోన్ కింద పెట్టేసి, ఒకప్పుడు లైఫుర్ ఉయ్యాల ఉన్న చోటే జాలీకి అరచెయ్యి ఆనించి నిలబడింది. కళ్లవెంట నీళ్లు ఆగలేదు.

"ఏమైంది ఆంటీ?" అంటూ టానీ బిడ్డతో వచ్చింది.

"ఏం లేదమ్మా" అని కళ్లు తుడుచుకుంది. "వాణ్ణి ఇటివ్వు, కాసేపు ఇక్కడే ఎత్తుకుంటాను."