తుమ్ముకి చోటున్న పాట

మా మేనత్త మొన్న మంగళవారం పొద్దున పోయింది. ఫోన్ చేసిన చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. "నిన్న కూడా పాట తప్పు పాడానని నన్ను తిట్టింది అన్నయ్యా." నాకూ రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆమె కాసెట్లు విన్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆ పాట ఏ గురువు దగ్గరా నేర్చుకున్నది కాదు. సత్తెనపల్లి వైపు కల్లాల్లో, ఎండుమిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ పాడుకున్నది. అక్షరం రాదు, ఏ రోజు పాట ఆ రోజే కట్టేది.

"ఎర్రకాయ నవ్విందే, తాలుకాయ అలిగిందే" అని ఎత్తుకుంటే కల్లమంతా అందుకునేది. ఘాటుకి అందరూ తుమ్ముతారు కదా, అందుకని ప్రతి చరణం చివరా కాస్త ఆగేది. "పాటన్నాక తుమ్ముకి కూడా చోటుండాలి. ఊపిరాడనిదేం పాట?" అనేది.

తొంభైల చివర్లో గుంటూరులో కాసెట్లు చేసే ఆయన ఒక్కపూట రికార్డింగుకి రమ్మన్నాడు. కుదిరితే కాసెట్, లేకపోతే ఇంటికి. చదువుకున్నవాణ్ణని నన్ను తోడు తీసుకెళ్లింది. ఆయనకిద్దామని సంచీడు మంచి కాయలు కూడా తెచ్చింది.

ఏసీ గది. అత్త పక్కన డప్పు కొట్టే ఆయన, నేను. చరణం అయింది, అత్త ఆగింది.

"ఎందుకాపారండీ?" అన్నాడాయన అద్దం అవతల నుంచి.

"తుమ్ములకండి."

"ఇక్కడెవరూ తుమ్మరండీ!"

ఆపకుండా పాడబోతే ఊపిరి తప్పింది, మాట తప్పింది. అలా నాలుగుసార్లు. పూట అయిపోవస్తోంది.

"పోనీలే అత్తా, వెళ్లిపోదాం" అన్నాను. ఆ మాటకి నాకిప్పటికీ సిగ్గే.

"ఏరా, ఇంత దూరం వచ్చింది నీ మొహం చూడ్డానికా?" అంటూ సంచి విప్పి, గుప్పెడు కాయలు గదిలోనే నలిపింది. ముందు డప్పాయన తుమ్మాడు, తర్వాత నేను. కేకలేయడానికి లోపలికొచ్చిన కాసెట్లాయనా తుమ్మాడు. అత్త హాయిగా పాట ఎత్తుకుంది. ఒక్కసారికే అయిపోయింది. తుమ్ములతో సహా కాసెట్ వచ్చింది.

ఆ ఏడు మా వైపు ఏ ఆటో ఎక్కినా అదే పాట. తర్వాత రేడియో, సభలు, శాలువాలు. శాలువాలన్నీ కల్లంలో కాయల మీద కప్పేది. "నాకు కప్పితే ఉక్క, వాటికి కప్పకపోతే మంచు" అనేది. కష్టాన్ని పట్టుకుని నవ్వడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

సమాధి దగ్గర కల్లం ఆడవాళ్లు ఆ పాటే పాడారు. చరణం చివర అలవాటుగా ఆగారు. అక్కడ కాయల్లేవు, ఎవరికీ తుమ్ము రాలేదు. తర్వాతి చరణం ఎప్పుడూ ఎత్తుకునేది ఆమే.

అంతలో వెనక నుంచి గట్టిగా తుమ్ము వినిపించింది. తిరిగి చూస్తే కాసెట్లాయన, జుట్టంతా నెరిసిపోయింది. అరచేతిలో ఎండుమిరపకాయ నలుపుతూ, కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆడవాళ్లు ఫక్కున నవ్వి, తర్వాతి చరణం ఎత్తుకున్నారు.