కమాను కింద షబ్నం

నిన్న మనుమరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. రాత్రిపూట పొగమంచులో కరీంనగర్‌ను ఫోటోలు తీసిందట. దీపాల చుట్టూ పసుపు గుండ్రాలు, ఊరి నడుమ పాత కమాను ద్వారం సగం ఉంది, సగం లేదు. ఎట్లుంది అమ్మమ్మా అని అడిగితే బాగుందన్నాను. బాగున్నదాన్ని బాగాలేదని ఎలా అంటాను? కానీ ఒళ్లు మండింది. నా మొహం చూసి అది నవ్వింది. "గిండ్ల ఎవ్వల్లేరు గద అమ్మమ్మా, గంత కోపమెందుకు?" అంది. ఎవ్వరూ లేకపోవడమేమిటి, నిండా ఆమే ఉంది. ఆమెతో నాకు పెళ్లైన కొత్తనాటి నుంచీ పడదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. దుకాణాల మీద ఉర్దూ బోర్డులు ఉండగానే పక్కన తెలుగు బోర్డులు లేస్తున్నాయి. మా ఆయనకు కమానుకు దగ్గర్లో ఫోటో దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తడిక గోడ. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివిన మనిషి కనుక లెక్కలు ఉర్దూలో వేసేవారు, తిట్లు ఉర్దూలో తిట్టేవారు, అన్నం మాత్రం తెలుగులో అడిగేవారు. నేనేమో గోదావరి ఒడ్డున చెన్నూరు పిల్లను. మా ఇంట్లో తెలుగులో నాలుగు మరాఠీ మాటలు కలిసేవి గానీ, ఉర్దూ అంటే నాకు జర, ఫికర్, పరేషాన్ వరకే. ఆ మూడింటితోనే కాపురం నెట్టుకొస్తున్నాను. పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉండేవారు. పొద్దు గూకితే మా దుకాణంలోకి వచ్చి కూర్చునేవారు. ఇద్దరూ చాయ్ తాగుతూ ఉర్దూలో మాట్లాడుకుంటుంటే నేను తడిక ఇవతల బియ్యం ఏరుకుంటూ ఉండేదాన్ని.

పుష్యమాసం చలిలో ఒక సాయంత్రం ఆ తడిక గుండా నా చెవిన పడింది ఆ పేరు. "ఆజ్ షబ్నం ఆయేగీ" అన్నారు మా ఆయన. మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది కదా. పెళ్లిచూపులప్పుడు కూడా ఆయన గొంతు అంత మెత్తగా లేదు. భాయ్ ఏదో అని నవ్వారు. షబ్నం, కమాన్, రాత్. నాకు అందిన మాటలివే, ఇవి చాలవా? బియ్యం చాట పక్కకు పెట్టేశాను. ఆ రాత్రి ఆయన గబగబా తిని, కెమెరా స్టాండు భుజాన వేసుకుని పోయారు. చాలాసేపటికి వచ్చారు. శాలువా తడిసి ఉంది, మొహం వెలిగిపోతోంది. ఎక్కడికి పోయారంటే ఫోటోలకు అన్నారు. మర్నాడంతా ఫోటోలు కడిగే చీకటి గదిలోనే. ఆయన స్నానానికి లేచినప్పుడు లోపలికి పోయి చూశాను. తీగకు వేలాడుతున్న ఫోటోల్లో ఒక దీపం, కమాను, మిగతాదంతా తెలుపు. అమ్మో, ఎంత గడుసు మనిషి, ఆమె మొహం పడకుండా తీశారు చూడు అనుకున్నాను. ఎత్తుగా ఉంటుందో, తెల్లగా ఉంటుందో, కళ్లకు సుర్మా పెట్టుకుంటుందో అని ఆమెను నేనే తలలో తయారుచేసుకున్నాను. అద్దం ముందు నిలబడి నా నల్లటి మొహాన్ని ఆమె పక్కన పెట్టి చూసుకుని ఏడ్చాను కూడా.

ఇట్లా కొన్నాళ్లు గడిచాయి. ఆమె వచ్చే రోజు ఆయనకు ముందే తెలిసిపోయేది. సాయంత్రం వాకిట్లో నిలబడి మానేరు వాగు దిక్కు చూసి మురిసిపోయేవారు. ఒక రాత్రి ఆయన స్టాండు భుజానికెత్తుకోగానే నా బట్టల మూట తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టాను. "నన్ను చెన్నూరు బస్సెక్కించుర్రి. ఆ షబ్నంనే తెచ్చుకొని ఏలుకోర్రి" అన్నాను. ఆయన నా మూటను చూశారు, నన్ను చూశారు. మీసం కింద ఏదో కదిలింది గానీ నవ్వలేదు. "నడువు, సూపిస్త. చెద్దరు కప్పుకో, సల్లగున్నది" అన్నారు. చెద్దరు కప్పుకోలేదు. కొంగు నడుముకు బిగించి, మా చెన్నూరు తిట్లన్నీ వరుసగా గుర్తు చేసుకుంటూ ఆయన వెనక నడిచాను. జుట్టు దొరికితే వదలకూడదని తీర్మానించుకున్నాను.

కమాను దగ్గర ఎవ్వరూ లేరు. ఒకటే కరెంటు దీపం, దాని కింద తెల్లటి పొగ కదులుతోంది. ఏదీ అన్నాను. "గిదే. నీ సుట్టూత ఉన్నది. షబ్నమంటే మంచే, పిచ్చిదాన" అన్నారు. నోట్లో ఉన్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. సిగ్గుతో నవ్వొచ్చింది. కానీ నవ్వుతూ తలెత్తి ఆయన మొహం చూశాను కదా, అక్కడ చెడింది. ఆయన ఆ మంచును చూస్తున్న తీరు చూస్తే నా కుళ్లు ఇంకా పెరిగింది. ఆడదైతే జుట్టు పట్టుకునేదాన్ని. దీన్ని ఏం పట్టుకోను? "పెండ్లై ఇన్నొద్దులాయె. ఊరందరి ఫోటోలు దింపుతిరి. నాదొక్కటన్న దింపిన్రా?" అన్నాను. "ఇంట్ల మనిషివే గద, ఎప్పుడన్న దింపొచ్చనుకున్న" అన్నారాయన. పాపం, నిజంగానే అనుకున్నారు. వెంటనే నన్ను కమాను కింద నిలబెట్టారు. చీకట్లో ఫోటోకు కెమెరా మూత తీసి చాలాసేపు అట్లాగే ఉంచాలట. ఆ సేపట్లో నిలబడింది ఫోటోలో పడుతుంది, నడిచింది పడదు. "మెదలకు. మెదిల్తే పడవు" అని మరీ మరీ చెప్పి మూత తీశారు. నేను ఊపిరి బిగబట్టాను. కాసేపటికి చూద్దును కదా, ఆయన నన్ను చూడటం లేదు. తల పైకెత్తి దీపం చుట్టూ తిరుగుతున్న ఆమెను చూస్తున్నారు. నిలబడటం నా వల్ల కాలేదు. చరచరా నడిచి పోయి ఆయన గదుమ పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. ఆయన పకపకా నవ్వారు. మూత వేయడం ఇద్దరమూ మరిచిపోయాం.

కడిగి చూస్తే కమాను పడింది, దీపం పడింది, మంచు పడింది. నేను పడలేదు. ఆ ఫోటోనే ఆయన పెద్దది చేసి, పటం కట్టించి దుకాణంలో పెట్టారు. వచ్చినవాళ్లంతా ఆగి చూసి మెచ్చుకునేవారు. వచ్చే చలికాలం మళ్లీ దింపుతానన్నారు. వచ్చే చలికాలానికి ఒళ్లో పిల్ల ఉంది, ఆ తర్వాత మరొకరు. దుకాణంలో కుర్చీ వేసి పిల్లలతో నన్నూ దింపారు, కాదనను. ఆ కుర్చీలో కట్టెలా బిగుసుకుని కూర్చున్నది నేనో, మా అత్తగారో పోల్చుకోవడం కష్టం. షబ్నంలో మాత్రం మళ్లీ కుదరలేదు.

ఆ పాత ఫోటో ఇప్పుడు నా మంచం ఎదురుగా ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా మోకాళ్లు పోయాయి, కంట్లో పువ్వు వచ్చింది. ఆమెకు మాత్రం ఏమీ కాలేదు. ప్రతి పుష్యమాసం అదే వయసుతో వస్తుంది, ఎంత మంట చెప్పండి. కానీ ఇన్నేళ్లకు ఒకటి తోచింది. కమాను కింద ఆయన నవ్వు చూసినవాళ్లలో ఈ భూమ్మీద మిగిలింది మేమిద్దరమే. అందుకే ఈ మధ్య ఆమె వచ్చిన రోజున నేనే లేచి తలుపు తీస్తున్నాను.