మొదటి రోజు పాట

పర్చూరు చుట్టుపక్కల మిరప కల్లాల్లో మా నాయనమ్మ అంకమ్మకి తెలియని కిటుకు లేదు. అడిగినా అడగకపోయినా చెబుతుంది. పనిలోకి కొత్త పిల్ల వస్తే చాలు, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

"మోచేతుల దాకా ఆముదం రాసుకోవే. కాయ ముట్టకముందే చెంబు పట్టుకుని పోయొచ్చెయ్, తర్వాత పోతే ఏడుస్తావు. కళ్ళు మండితే నీళ్ళు కొట్టుకోమాక, మజ్జిగలో తడిపిన గుడ్డ వేసుకో."

ఇంత చెప్పినందుకు ఆ పిల్ల దగ్గర ఒక వక్కపొడి పొట్లం లాగేసుకుంటుంది.

అసలు కిటుకు మాత్రం తన ముఠా ఆడవాళ్ళకి తప్ప చెప్పదు. ఎండిన కాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరే పని మొదలైన రోజున రైతు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ సాయంత్రానికి ఎంత కుప్ప ఏరితే సీజనంతా రోజుకి అంత ఏరాలి. తగ్గిందా, మాట పడాలి. చేతులేమో పాట వెంబడే నడుస్తాయి. అందుకని మేస్త్రి అయిన అంకమ్మ మొదటి రోజు సమాధుల దొడ్లో పాడే పాట ఎత్తుకుంటుంది. ఎంత నిదానమంటే, ఆ పాటకి శవప్పెట్టెలో ఉన్నవాళ్ళు కూడా విసుక్కుంటారు. రైతు మాత్రం అదంతా భక్తి అనుకుంటాడు.

నిరుడు ముఠాలోకి జాస్మిన్ వచ్చింది. అంకమ్మ తమ్ముడి కూతురు. తల్లి పోయాక అంకమ్మే తల దువ్వి, జడ వేసి పెంచింది. పిల్లది మంచి గొంతు. "నా తర్వాత పాట నీదేనే" అని, కల్లం దాటాక, చుట్టూ చూసి మరీ ఆ కిటుకు చెవిలో వేసింది.

ఈ ఏడు దుర్గాప్రసాద్ గారి కల్లంలో పని మొదలైంది. అంకమ్మ గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. సగం చరణం అయిందో లేదో కుర్చీలోంచి ఆయన నవ్వాడు.

"ఎవరు పోయారు అంకమ్మా?"

"ఎవరూ పోలేదండి. దేవుడి పాటండి."

"దేవుడి పాటే పాడండి, ఎవరొద్దన్నారు? క్రిస్మస్ ఊరేగింపులో డప్పు కొట్టి పాడతారే, అది. జాస్మిన్, నువ్వెత్తుకో. ఇవాళ్టి నుంచి మేస్త్రివి నువ్వేగా."

ఎవరూ జాస్మిన్ వంక చూడలేదు, అంకమ్మ తప్ప. ఆ పిల్ల చేతిలో కాయ తొడిమ గిల్లుతూ కాసేపు తల దించుకుంది. తర్వాత పాట ఎత్తుకుంది. గొంతు ఎప్పటికన్నా బాగుంది.

ముఠా చేతులు పరుగందుకున్నాయి. అంకమ్మ నోరు మూసుకుంది కానీ ఆమె వేళ్ళకి రోషం లేదు. ఇన్నేళ్ళూ పాట వెంబడి నడిచినవి, అవీ పరుగెత్తాయి. పొద్దుగూకేసరికి కుప్ప కరిగిపోయింది. దుర్గాప్రసాద్ గారు కుర్చీ మడిచారు.

"చేతనవుతుందిగా! రేపటి నుంచి ఇట్టాగే కానీయండి."

ఇంటిదారిలో జాస్మిన్ వెనక నుంచి పరుగున వచ్చింది.

"అత్తా, ఆయనే అడిగాడు. ముఠాలో పాట ఎవరు ఎత్తుతారని."

"సమాధుల పాట సంగతి కూడా ఆయనే అడిగాడా?"

జాస్మిన్‌కి ఏడుపొచ్చింది. మిరపకాయల చేత్తోనే కళ్ళు తుడుచుకుంది, ఇక గెంతులే గెంతులు.

"మండుతున్నయ్యత్తా! ఏం చెయ్యను?"

"మేస్త్రివి, నన్నడుగుతావేంటే? దుర్గాప్రసాద్ గారిని అడుగు."

అని అంకమ్మ విసవిసా ఇంటికొచ్చింది. వచ్చి, మజ్జిగలో గుడ్డ తడిపి, పక్కింట్లో ఉండే తమ్ముడి గడప మీద పడేసి, పలకరించకుండా వచ్చి తలుపు వేసుకుంది.

మర్నాడు కల్లంలోకి కొత్త పిల్ల ఒకతి వచ్చింది. ఎవరో ముందే చెప్పినట్టున్నారు, వక్కపొడి పొట్లం చేతిలో పట్టుకునే వచ్చింది.

"మామ్మా, చేతులకి ఏం రాసుకోవాలంట?"

"నాకేం తెలుసే" అంది అంకమ్మ, కుప్ప మీద నుంచి తలెత్తకుండా.

పొట్లం వంక చూడను కూడా చూడలేదు.