అంచు మిషన్లో తేజ గింజలు

ఆ రోజుల్లో మా గుంటూరులో డిగ్రీ పాసైన ఆడపిల్ల ముందు రెండు దారులుండేవి. ఒకటి బ్రాడీపేటలో బ్యాంకు కోచింగుకి వెళ్ళడం, రెండోది వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బ్రాడీపేటలో తిరగడం. (రెండిటికీ ఒకటే ఆటో.) నాకు రెండూ పట్టలేదు. నాకు చెక్కపొట్టు వాసన ఇష్టం. ఆ మాట ఇంట్లో చెప్పి చూడండి, ఏమవుతుందో మీకే తెలుస్తుంది. మా నాన్న కలిపిన ముద్ద చేత్తో పట్టుకుని అలాగే మా అమ్మ వైపు చూశాడు, ఆ చెక్కలేవో ఆవిడే పుట్టింటి నుంచి తెచ్చినట్టు. చివరికి మా పెదనాన్న అడ్డం పడ్డాడు. ఆయనకి రైల్వే గేటు దగ్గర చిన్న వడ్రంగి షాపుండేది. "ఈ ఎండాకాలం నా దగ్గర ఉండనీరా. పెదకాకానిలో ఒక వంటిల్లు ఒప్పుకున్నా, దాని అంచులన్నీ దీని చేతే వేయిస్తా. నేను తడిమి చూసి బాగుందంటే షాపులో ఉంటుంది. ఎక్కడన్నా గరుకు తగిలిందా, మర్నాడే కోచింగులో కూర్చోబెట్టు" అని తమ్ముడికి మాటిచ్చాడు. నాన్న ఒప్పుకున్నాడు గానీ, ఎందుకైనా మంచిదని కోచింగు సారుతో మాట్లాడి ముందు వరసలో నాకో కుర్చీ చెప్పి ఉంచాడు. ముందు వరస! ఆ కుర్చీ నాకు కల్లోకి కూడా వచ్చేది.

అంచులంటే ఏమిటో చెప్పాలి. బోర్డు కోస్తే పైన ఎంత నున్నగా ఉన్నా కోసిన పక్క మాత్రం గోధుమరంగు పొట్టు కనిపిస్తూ అసహ్యంగా ఉంటుంది. దాని మీద సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటిస్తారు. మా షాపులో అంతకుముందు జిగురు పూసి, పట్టీ వేసి, చుట్టూ టేపు బిగించి, మర్నాటిదాకా దణ్ణం పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ ఏడాది పెదనాన్న ఒక చేతి మిషను తెచ్చాడు. ఇస్త్రీపెట్టె కంటే కాస్త పెద్దది. దానికో చిన్న గిన్నె ఉంటుంది. అందులో లేత పసుపురంగు సగ్గుబియ్యంలాంటి జిగురు గింజలు పోసి స్విచ్చి వేస్తే కరిగి సలసలా కాగుతాయి. అప్పుడు మిషన్ని అంచు వెంట నెట్టుకుంటూ పోతే పట్టీ దానంతటదే అంటుకుంటుంది. షాపులో దాన్ని ముట్టుకునే నాథుడు లేకపోయాడు. మా పెద్ద వడ్రంగి (ప్రతి మాటకీ 'నిదానం, నిదానం' అనేవాడు కాబట్టి ఆయన పేరే నిదానం మేస్త్రి అయిపోయింది) దానివైపు చూసి "కరెంటుతో జిగురేంటమ్మాయ్, ఇడ్డూరం కాకపోతే" అని పక్కకి తప్పుకున్నాడు. అందుకని అది నా చేతికొచ్చింది. వంకర ముక్కల మీద వేసీ వేసీ, వేళ్ళు కాల్చుకుని, పట్టీలు తగలేసి, మొత్తానికి నేర్చుకున్నాను. పెదనాన్న పరీక్ష ఒకటే. కళ్ళు మూసుకుని బొటనవేలు అంచు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి లాగేవాడు. వేలు ఎక్కడన్నా ఆగిందా, ఆ ముక్క పొయ్యిలోకే.

పెదకాకాని ఇల్లు ఒక మిర్చి రైతుది. కట్టడం పూర్తయింది గానీ గృహప్రవేశం మనుషుల కంటే ముందు మిరపకాయలు చేసేశాయి. రేటు లేదని, కోల్డ్ స్టోరేజీలో చోటు లేదని బస్తాలన్నీ కొత్తింట్లోనే వేసుకున్నారు. మేం వస్తున్నామని ముందురోజు వాటిని వంటింట్లోంచి హాల్లోకి జరిపారు. వరండాలో ఆడవాళ్ళు బారుగా కూర్చుని కాయల తొడిమలు తీస్తున్నారు. మధ్యలో రైతు వాళ్ళమ్మ, అందరూ మామ్మ అనేవాళ్ళు, పెద్ద దిగులుతో కూర్చుని ఉంది. ముహూర్తం దగ్గరపడింది, ఈవిడేమో ఇంట్లోకి రానంటోంది. సంగతేమంటే రోజూ సాయంత్రం ఇంటికి ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి నిప్పుల్లో వేస్తోంది, ఘాటు రావట్లేదు. దిష్టి లేకపోతే కాయ కాలగానే ఘాటు రావాలి, రాలేదంటే దిష్టి బాగా పట్టినట్టు. ఇది మీకు నేను చెప్పాలా.

"ఊరంతా ఏడుస్తున్నార్రా మనింటి మీద. గుప్పిళ్ళకి గుప్పిళ్ళు కాల్చినా ఒక్క తుమ్ము రాలేదు. ఇంత దిష్టి పెట్టుకుని నేనీ గడప తొక్కను."

"నువ్వు కాల్చేది తాలుకాయలే అమ్మా! తాలుకి ఘాటెక్కడ్నుంచి వచ్చుద్ది?" అన్నాడు రైతు. (తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఏరి పక్కన పారేస్తారు.)

"మరి దిష్టికి మంచి కాయలు తగలెయ్యమంటావా? నువ్వసలు రైతు కడుపునే పుట్టావట్రా?"

రైతు తల గోక్కుంటూ బస్తాల వైపు నడిచాడు. నా దిగులు నాకుంది. పెదనాన్న భోజనాలయ్యాక వచ్చి తడిమి చూస్తానన్నాడు.

వంటింటి అరలూ వాటి తలుపులూ చాలావరకు షాపులోనే చేసి తెచ్చాం గానీ, ఇక్కడ చూస్తే వంటింటి గోడ ఒకవైపు వాలి ఉంది. తలుపులు పట్టలేదు. అక్కడికక్కడే కోసి, కోసిన చోట మళ్ళీ అంచు వెయ్యాల్సొచ్చింది. మోసుకెళ్ళే మిషను పుట్టిందే ఇలాంటి గోడల కోసం. నిదానం మేస్త్రి కోస్తున్నాడు, నేను మిషను సర్దుతున్నాను. సంచీలోంచి జిగురు గింజల పొట్లం తీస్తుంటే అది కాస్తా అడుగున చిరిగి మొత్తం నేలపాలైంది. నేను కెవ్వుమన్నాను. కాలు పక్కకి తీయబోతే మేస్త్రి అంతకంటే గట్టిగా అరిచాడు.

"గింజ తొక్కకమ్మాయ్! కళ్ళుపోతాయ్!"

"అవి జిగురు గింజలు మేస్త్రీ, వడ్లు కాదు."

"ఏ గింజైనా గింజే. నువ్వు నిదానంగా అటు జరుగు."

ఆయనది వినుకొండ దగ్గర సేద్యం చేసిన ఇల్లు, గింజ నేల మీదుంటే చూడలేడు. మోకాళ్ళ మీద కూర్చుని అట్టముక్కతో మూలమూలా గీకి, ఒక్కటి వదలకుండా ఎత్తి దోసిట్లో పట్టుకొచ్చి భక్తిగా గిన్నెలో పోశాడు. కిటికీకి ఎండ రాకుండా గోనెపట్టా కట్టి ఉంది. ఆ మసక వెలుతుర్లో ఆయన ఎత్తినవాటిలో మా గింజలెన్నో, నిన్నటిదాకా అక్కడున్న బస్తాల్లోంచి రాలిన మిరపగింజలెన్నో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. రెండూ ఒకటే రంగు, ఇంచుమించు ఒకటే సైజు. దేవుడు చేశాడు, ఎవర్ననగలం?

స్విచ్చి వేశాను. మొదటి తలుపు, సింకు కిందది, పట్టుకున్నాను. కాసేపటికి కమ్మటి తాలింపు వాసన వచ్చింది. పక్కింట్లో గొడ్డుకారానికి కాయలు వేయిస్తున్నారు కాబోలనుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నా, ఆకలి కూడా వేసింది. తలుపు చివరికొచ్చేసరికి మేస్త్రి తుమ్మాడు. నేను తుమ్మాను. ఆ తర్వాత తుమ్ములు కావవి, ఊపిరి లోపలికి పోతే బయటికి రాలేదు, బయటికొస్తే లోపలికి పోలేదు. "నిదానం అమ్మాయ్, నిదా..." అంటూనే మేస్త్రి నాకంటే ముందు గుమ్మం దాటాడు. అంత వేగం ఆయనలో ఉందని ఆయన భార్యక్కూడా తెలిసి ఉండదు. పొద్దుట్నుంచీ మిరపకాయల మధ్యే కూర్చున్న ఆడవాళ్ళు సైతం కొంగులు అడ్డం పెట్టుకుని వీధిలోకి ఉరికారు. ప్లగ్గేమో వంటింట్లో ఉండిపోయింది. చున్నీ తడిపి ముక్కుకి చుట్టుకుని, గుడ్డిదాన్లా గోడ తడుముకుంటూ వెళ్ళి దాన్ని పీకొచ్చాను. బయటికొచ్చేసరికి ఎదురుగా పెదనాన్న స్కూటరు ఆగింది.

"ఏంటిది? గ్యాసా? ఎవరన్నా మాట్లాడండ్రా!" అంటున్నాడాయన. మాట్లాడే స్థితిలో ఎవరున్నారు గనక. నా కళ్ళ ముందు వీధి కనబడట్లేదు గానీ ముందు వరస కుర్చీ మాత్రం స్పష్టంగా కనబడింది.

అప్పుడు మామ్మ లేచింది. అందరూ బయటికొస్తుంటే ఆవిడొక్కతే లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి గుండెల నిండా పీల్చింది, దగ్గింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే వెనక్కి తిరిగి నవ్వింది. "అబ్బబ్బ! ఏం ఘాటురా తండ్రీ! ఆవగింజంత దిష్టి లేదు మనింటికి!" అని కుడికాలు పెట్టి గడప దాటేసింది. వారం రోజులుగా బతిమాలుతున్న కొడుకు నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

పెదనాన్న మాత్రం పరీక్ష మానలేదు. రుమాలు ముక్కుకి కట్టుకుని లోపలికెళ్ళాడు, వెనకే నేను. కళ్ళు మూసుకునే పని కూడా లేకపోయింది, వాటంతటవే మూసుకుపోయాయి. సింకు కింద తలుపు అంచు మీద బొటనవేలు లాగాడు. ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగింది. అంచంతా చెమటకాయలు పేలినట్టుంది.

"ఇదేంటి?"

"గింజ, పెదనాన్నా."

"ఏం గింజ?"

"మిరపగింజ." ఏడుపొచ్చేసింది. ఘాటుకొచ్చింది ఎటూ వస్తూనే ఉంది, ఇది వేరే.

పెదనాన్న గోరుతో ఒక గింజని గీకాడు. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"ఏ రకం?" అన్నాడు.

"తేజ! ఘాటంటే దానిదే!" అని వరండాలోంచి రైతు కేకేశాడు.

"అదీ సంగతి" అని తలాడించి పెదనాన్న బయటికొచ్చేశాడు. అరుగు మీద కూర్చుని నవ్వడం మొదలెట్టాడు. దగ్గుతూ నవ్వి, తుమ్ముతూ నవ్వి, చివరికి ఫోను తీసి మా నాన్నకి కలిపాడు. "ఒరేయ్, నీ కూతుర్ని బ్యాంకుకి పంపితే బ్యాంకు బ్యాంకంతా రోడ్డు మీద పడుద్ది. ఇది నా దగ్గరే ఉండనీ... గరుకా? తగిలిందిరా. తగిలినా ప్లగ్గు పీకడానికి లోపలికెళ్ళింది ఇదొక్కతే. నిదానం మేస్త్రి ఇంకా వీధి చివరే ఉన్నాడు."

గిన్నె కడిగి, కొత్త గింజలు తెచ్చి, మర్నాడు అన్ని తలుపులకీ అంచులు వేశాను. సింకు కిందదాన్ని కూడా పీకి మళ్ళీ వేస్తానంటే మామ్మ అడ్డంగా నిలబడింది. "దాని మీద చెయ్యేశావంటే ఊరుకోను పిల్లా. అది మా ఇంటి రక్ష."

ఇప్పుడా షాపు నేనే చూస్తున్నాను. గదంత మిషనుంది, ఒకపక్క బోర్డు పెడితే రెండోపక్క అద్దంలాంటి అంచుతో వస్తుంది. మొన్న ఆ రైతే పిలిచి వంటిల్లంతా కొత్తగా చెయ్యమన్నాడు. మామ్మ పోయి చాలా కాలమైంది. పాత తలుపులన్నీ తీయించి కొత్తవి బిగించాం. చివర్లో ఆయన కాస్త సిగ్గుపడుతూ "ఆ సింకు కిందది మాత్రం ఉంచండమ్మా. రంగు కలవకపోయినా పర్లేదు. అమ్మ ముట్టుకోవద్దంది" అన్నాడు.

అందరూ బయటికెళ్ళాక నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో ఆ అంచు తడిమాను. ఆగింది. మళ్ళీ ఆగింది. పట్టీ ఎక్కడా లేవలేదు, గింజలన్నీ అలాగే ఉన్నాయి. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఘాటు కాదు గదా, వాసన కూడా లేదు. మామ్మ లెక్క ప్రకారం ఘాటు రాలేదంటే దిష్టి తగిలినట్టే. ఎవరు పెట్టి ఉంటారబ్బా అని ఆలోచిస్తే, తడి చున్నీ ముక్కుకి చుట్టుకుని ఆ పొగలోకి వెళ్ళిన అప్పటి పిల్లని ఇంతసేపూ మనసులో కళ్ళార్పకుండా చూస్తున్నది నేనే.