చింతపండు పెట్టి తోమిన రివాల్వర్

మా వారు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఒక కథ మొదలుపెడతారు. "దోహాలో మా ఆవిడ పోలీసుల తుపాకీని చింతపండు పెట్టి తోమి పారేసింది" అని. విన్నవాళ్ళు విస్తరి ముందు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు గానీ ఇందులో తప్పులు మూడున్నాయి. అది తుపాకీ కాదు, రివాల్వర్. పోలీసులది కాదు, ఎప్పుడో ఒక పోలీసు నడుముకి వేలాడి, ఆపైన చేతులు మారి అద్దాల పెట్టెలో కూర్చున్నది. పైగా నేను తోమింది మొత్తం కాదు, పిడి వెనకాల రెండు వేళ్ళ మేర. (ఆ పూట మా వారు అల్ హిలాల్‌లోని మా ఫ్లాటులో జలుబు చేసి ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. ఆయనా సాక్ష్యం చెప్పేది!)

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, ఖతార్‌లో మన ఆడవాళ్ళు చేసే ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. నేను బి.యస్సీ. కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసై ఒక చిన్న ఇన్సూరెన్సు కంపెనీలో టైపిస్టుగా చేరాను. రెండో నెల నుంచే మేనేజరుతో తగవు. వస్తువులు చూసి వెల కట్టే పని నాకెందుకివ్వరు, కళ్ళు లేవా, చదువు లేదా అని. నా పోరు పడలేక ఆర్నెల్లు చూద్దామన్నారు, మా సెక్షన్ పెద్ద కింద పడేశారు. ఆయనది హైదరాబాదు. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండేది, అందుకని అందరికీ టేపు సారే. ఐదు నెలలు గడిచాక ఒక పొద్దున ఆయన తన బల్ల దగ్గరికి పిలిచి, "జూడమ్మా, ఈ ఒక్క లిస్టు సక్కగ జేసినవంటే పర్మనెంటు. లేకుంటే మల్ల నీ టైపు మిషిన్ నీకే" అన్నారు. టైపు మిషను దగ్గరికి తిరిగి వెళ్ళి మేనేజరు మొహం చూడడం కంటే విమానం ఎక్కి బెజవాడ వెళ్ళిపోవడం నయమని నాకు అనిపించింది.

ఆ లిస్టు అల్ షహానియా దారిలో, ఒంటెల కొట్టాలు దాటాక ఉన్న ఒక పెద్ద ఇంటిది. యజమాని తెల్ల గడ్డం ముసలాయన. పనివాళ్ళంతా "బాబా" అంటారు. తండ్రితో చిన్నప్పుడు బొంబాయి తిరిగిన మనిషి, హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. పాత కాఫీ కూజాలు, కత్తులు, ముత్యాలు తూచే త్రాసులు ఒక హాలు నిండా పోగుచేశాడు. వాటి నడుమ ఈ రివాల్వర్. పేలదు, లోపలి సూది ఎప్పుడో తీసేశారు, ఆ మేరకు కాగితం కూడా పెట్టెలోనే ఉంది. బొంబాయిలో ఒక పోలీసు అధికారి రిటైరయ్యేటప్పుడు దీన్ని తన తండ్రికి స్నేహంగా ఇచ్చాడని బాబా అంటాడు. బజార్లో కొన్నదానికి తండ్రి కథ అల్లాడని బాబా అన్నదమ్ములు అంటారట, అంటూనే ఉన్నారట.

కారులో టేపు సార్ పాఠం చెప్పారు. "ఇనుమును జూసి రేటు పెట్టరమ్మా. ఎవల చేతుల ఉన్నదో గది జూసి పెడ్తరు. పిడి మీద పోలీసు నంబరుంటే ఒక లెక్క, లేకుంటే ఇంకో లెక్క. ఉత్త కథకు పైసలు రావు." ఇల్లు చేరాక ఆయన కత్తులు కొలవడానికి పక్క గదిలోకి వెళుతూ, "మార్కులున్నయా జూసి రాయి. ఏం గీకకు" అన్నారు. గీకవద్దన్నారు. తోమవద్దని అనలేదు. ఇది నేను ఏ కోర్టులోనైనా చెబుతాను.

చూస్తే పిడి వెనక పట్టీ అంతా నల్లగా, జిడ్డుగా ఉంది. వేలితో తడిమితే ఏవో గుంటలు తగులుతున్నాయి, కళ్ళకు మాత్రం కనబడవు. అలాంటి చోట మన ఇళ్ళలో పుట్టినదానికి ఏం తోస్తుంది? పెళ్ళిళ్ళలో గిన్నెలు కలిసిపోతే ఎవరివెవరివో తేల్చడానికి మా అమ్మ ఏం చేసేది? చెక్కిన పేరు కనబడకపోతే కాస్త చింతపండు పెట్టి రుద్దేది, పేరు దేవుడిలా ప్రత్యక్షమయ్యేది. పోలీసు నంబరు మాత్రం గిన్నె మీద పేరు కాక మరేమిటి? నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. వంటవాడు రాజోలు దగ్గరి మనిషి, నన్ను చూడగానే మొహం విప్పారింది.

"అన్నయ్యా, చింతపండు ఉందా?"

"ఉందండి. సింతపండు సారు పెడతారేటండి అమ్మగారూ?"

"రివాల్వర్ తోమాలి."

ఆయన చేతిలో గరిట ఆగిపోయింది. "బాబాగారికి తెలుసాండీ?"

"ఇందులో ఉండే ఆమ్లం మురికినే తినేస్తుంది అన్నయ్యా, లోహం జోలికి పోదు. నేను కెమిస్ట్రీ చదివాను."

"ఆయ్, సదూకున్నోరు, మీకు తెలీదేటండి" అంటూ ఉండంత చింతపండు తీసిచ్చాడు గానీ, నా వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. (నమ్మకం లేకనో, వేడుక చూద్దామనో.)

నాలుగు రుద్దులు రుద్ది తడిగుడ్డతో తుడిచానో లేదో, తళతళలాడే వెండిలాంటి చారలో ముందు మూడు అక్షరాలు, వాటి పక్కన నంబరు! అక్షరాలు పోలీసు శాఖవే. నేను వేసిన కేకకి పక్క గదిలోంచి టేపు సార్ పరుగెత్తుకొచ్చారు. నంబరు చూసి ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు అర నిమిషం ఉంది. తర్వాత నా చేతిలోని చింతపండు కనబడింది.

"ఏం జేసినవమ్మా? అది మైలనుకున్నవా? అది దాని రంగు! ఫ్యాక్టరీల ఏసిన అసలు రంగు! ఇట్లాంటి వస్తువు కొనేటోడు మొదలు గదే జూస్తడు. పోగొట్టినవు గద!"

"పైనంతా జిడ్డే కద సార్..."

"జిడ్డు కింద రంగుండె తల్లీ! రెండూ పోయినయి!"

లోహాన్ని ఏమీ చెయ్యదన్న నా ఆమ్లం లోహాన్ని నిజంగానే ఏమీ చెయ్యలేదు, పై రంగును మాత్రం చక్కగా తినేసింది. అంత చదువులో ఈ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు. గుమ్మంలోంచి అన్నయ్య మాయమయ్యాడు. బాబా వచ్చాడు. నా కళ్ళ ముందు టైపు మిషను, దాని వెనక విమానం, దాని వెనక బెజవాడ స్టేషను వరసగా కదిలాయి. ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ మెరిసే చారని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, నంబరు పైకి చదివాడు. "మేరా బాప్ ఝూఠ్ నహీ బోలా" అన్నాడు మెల్లిగా. మా నాన్న అబద్ధం చెప్పలేదు అని. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత ఫోను దగ్గర కూర్చుని అన్నదమ్ములందరికీ ఒక్కొక్కరికీ ఆ నంబరు చదివి వినిపించాడు, తిట్లతో సహా అని ఆయన గొంతును బట్టి నా అంచనా.

తిరుగు దారిలో టేపు సార్ రోడ్డు మీదే చూపు నిలిపారు. నేను ఊరుకునే రకం కాదు కదా. "నంబరు దొరికింది కాబట్టి ధర పెరిగింది కదా సార్?"

"పెరిగింది."

"రంగు పోయింది కాబట్టి తగ్గింది."

"తగ్గింది."

"అయితే మొత్తం మీద?"

"యల్లా, ఇగ చాలు, జరసేపు నోరు మూసుకోమ్మా."

నన్ను పర్మనెంటు చేశారు. నా గొప్పతనం చూసి కాదు, కూజాల లిస్టు రాయడానికి ఆ పిల్లనే పంపమని బాబా కబురు పెట్టాడు, అందుకని. ఆర్డరులో మాత్రం, వస్తువులకు ఎలాంటి ద్రవమూ తగలనివ్వరాదని ఒక వాక్యం ఎక్కువ ఉంది. (చింతపండు ద్రవం కాదని దాని మీద కూడా వాదించాను.)

ఇప్పుడు ఏ మ్యూజియానికి వెళ్ళినా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాను. పాత వస్తువు మీద నలుపు కనబడితే, అది అలాగే ఉండనీ అనుకునే వయసు వచ్చింది. నల్లగా ఉన్న ప్రతిదీ మురికేనని నమ్మి, ఉండ చింతపండుతో లోకం మీదికి బయలుదేరిన ఆ పాతికేళ్ళ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ధీమా ఇప్పుడు ఎంత వెతికినా నాలో దొరకదు. టేపు సార్ రిటైరై హైదరాబాదులో ఉన్నారు. రివాల్వర్ వెల తానే స్వయంగా రాసి, కవరు అంటించి బాబాకి పంపారు, నాకు చూపించలేదు. పండక్కి ఫోను చేసినప్పుడల్లా అడుగుతాను. "వినబడ్తలేదమ్మా" అని పెట్టేస్తారు. మిగతా మాటలన్నీ శుభ్రంగా వినబడతాయి. పోనీ, అచ్చులో అయినా అడుగుతున్నాను, చదివి చెప్పండి సార్: నేను తోమిన ఆ రెండు వేళ్ళ మేరకి ధర పెంచారా, తగ్గించారా?