బట్ట కింద గాజు

తల్లి కడుపులో వేళ్లను రూపించి, బయటికొచ్చాక వాటికి పట్టు నేర్పే దేవునికి స్తోత్రం. మనం తప్పుగా చదివిన పిల్లలను ఆయన సరిగ్గా చదువుతాడు. అందుకు మరీ స్తోత్రం.

డెబ్బైల చివర్లో, గుంటూరు వైపు నుంచి వచ్చి, నయాపూల్ దగ్గర ఒక ఆడపిల్లల కాలేజీలో శిశు వికాసం పాఠం చెప్పేదాన్ని. దాచిన వస్తువును పసిపిల్లలు వెతుకుతారా అన్నది ఆ ఏడు మా పరిశీలన. పిల్లవాడి కళ్లముందే వస్తువును బట్ట కింద పెట్టాలి. బట్ట లాగితే ఒక మార్కు, లాగకపోతే సున్నా. పుస్తకంలో అలాగే ఉంది.

లాడ్ బజార్ వెనక గల్లీలో లక్క గాజులు చేసే ఇంటికి నేనే వెళ్లాను. పదిహేను నెలల బాబు. ఎర్ర గాజును బట్ట కింద పెట్టాను. వాడు చేతులు వెనక్కి తీసుకుని తల్లి ముఖం చూశాడు. ఆమె ఏదో చెప్పబోతే, పరీక్ష మధ్యలో మాట్లాడకూడదని సైగ చేశాను. మూడుసార్లూ అంతే. సున్నా వేశాను. అక్కడితో ఆగవలసింది. "కొంచెం నెమ్మదిగా ఉన్నాడమ్మా, ఆస్పత్రిలో చూపించండి" అనేశాను.

వారం తర్వాత ఆ మార్కుల కాగితాలు క్లాసులో చర్చకు పెట్టాం. ఆ గల్లీ నుంచే వచ్చే ఒక అమ్మాయి నా కాగితం చదివి నవ్వింది.

"మేడమ్, గాళ్ల ఇంట్ల బట్ట కింద ఏముంటదో ఎరికేనా? అప్పుడే చేసిన గాజులు. వేడి తగ్గేదాక కప్పిపెడ్తరు. ముట్టుకుంటే చెయ్యి కాల్తది. గా పోరనికి నడక రాకముందే గది నేర్పిన్రు."

"మరి సున్నా ఎవరికెయ్యాలె, మేడమ్?" అంది వెనక బెంచీ అమ్మాయి. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మార్కు దిద్దవచ్చు. తల్లితో అన్న మాట? ఆ ఆదివారం ఆరాధనలో రెండుసార్లు లేచి బయటికి వచ్చాను. నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి స్త్రీల కూటంలో ఎన్నిసార్లు బోధించానో! ఆ ఇంట్లో ఒక్క వాక్యమూ గుర్తురాలేదు.

సోమవారం మళ్లీ వెళ్లాను. ఈసారి గాజు మీద బట్టకు బదులు స్టీలు గిన్నె బోర్లించాను. వాడు వెంటనే గిన్నె తోసేసి గాజు అందుకున్నాడు.

"తప్పు నాదమ్మా. వీడికి ఏ లోటూ లేదు."

తల్లి లక్క సాగదీయడం ఆపలేదు. "మంచిది మేడమ్. గానీ మీరు పోయినకాన్నుంచి నేనే వీన్ని ఊకె పరీక్ష చేస్తున్న. పిలిస్తే తిరగకుంటే దిల్ ధడ్‌ధడ్ అంటది. మా అత్త వీని మెడల తావీజు కట్టించింది. ఇప్పుడు మీరే మంచిగున్నడంటున్రు. ఏ మాట నమ్మాలె?"

"మళ్లీ వస్తాను" అన్నాను.

"రాండ్రి. కాయితం తేకున్రి."

ఆ ఏడాదంతా కాగితం లేకుండానే వెళ్లాను. వాడు మాటలు నేర్చి నన్ను "గిన్నెమ్మా" అని పిలిచేవాడు. అయినా నేను గుమ్మంలో కనబడగానే ఆ తల్లి చూపు ఉలిక్కిపడి ముందు వాడి మీదికే పోయేది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతోపాటు కళ్లు మూసుకోండి. ప్రభువా, ఆ తల్లిలో నేను పెట్టిన భయాన్ని నీవే తీసివేయి. నా వల్ల కాలేదు. ఆమేన్ అనండి.